అన్నయ్య మోకాలు, అమ్మ గుండె, మధ్యలో ఒక ఆరోగ్య కార్డు

విశాఖపట్నం గోపాలపట్నం నుంచి ఒక పాఠకురాలు రాసిన సుదీర్ఘమైన ఉత్తరానికి సారాంశం ఇది. ఆమెకు యాభై ఏళ్లు దాటాయి. భర్త ఆటోనగర్‌లోని ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో పని చేస్తారు. డెబ్బై రెండేళ్ల తల్లి ఆమె దగ్గరే ఉంటున్నారు. ఒక్కగానొక్క అన్నయ్య ఇరవై ఏళ్లకు పైగా ఇంగ్లండులో స్థిరపడి, అక్కడి పౌరసత్వం తీసుకుని, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి ఇచ్చేది) మీద వచ్చి వెళుతుంటారు. ఆయన కుడి మోకాలు బాగా అరిగిపోయింది, మార్పిడి శస్త్రచికిత్స తప్పదని అక్కడి వైద్యులు తేల్చారు, కానీ వంతు రావడానికి ఏడాదికి పైగా పట్టవచ్చని చెప్పారు. అందుకని విశాఖ వచ్చి చేయించుకుంటానన్నారు. 2015లో తండ్రి పోయినప్పుడు ఆయన ఏడు నెలలు ఇక్కడే ఉండి ఆధార్ తీసుకున్నారు, తరువాత జరిగిన సర్వేలో తల్లి రేషన్ కార్డులో ఆయన పేరు కూడా ఎక్కింది, అది ఇప్పటికీ అలాగే ఉంది. "ప్రభుత్వ ఆరోగ్య పథకంలో పాతిక లక్షల దాకా ఉచితమంటున్నారు కదా, అమ్మ కార్డు మీదే చేయించేద్దాం, నువ్వు వెళ్లి ఆసుపత్రిలో మాట్లాడు" అని ఆయన అంటున్నారు. ఈలోగా తల్లికి గుండె కవాటం సన్నబడిందనీ, ఆపరేషన్ అవసరం కావచ్చనీ ఇక్కడి వైద్యులు చెప్పారు. "అత్తయ్యను విజిటర్ వీసా మీద పంపెయ్యి, ఇక్కడ ఆసుపత్రుల్లో డబ్బు అడగరు" అని వదిన సలహా. "రేపు కార్డు పోతే అత్తయ్య గతేమిటి" అని భర్త భయం. కాదంటే, ఇన్నేళ్లు ఇంటికి డబ్బు పంపి, తండ్రి వైద్యానికీ ఖర్చు పెట్టి, ఇక్కడ తన పేరున ఉన్న ఫ్లాటుకు నగరపాలక సంస్థ జీవీఎంసీకి పన్ను కూడా కడుతున్న తనకు ఆ మాత్రం హక్కు లేదా అని అన్నయ్య బాధపడుతున్నారు. "నేను కాదంటే విశ్వాసం లేనిదాన్నవుతానా, అవునంటే తప్పు చేసినదాన్నవుతానా?" అని ఆమె అడిగారు.

మీ ఉత్తరంలో మూడు విషయాలు ముడిపడి ఉన్నాయి: మీ అన్నయ్య గారి శస్త్రచికిత్స, మీ అమ్మగారి కార్డు, మీ అమ్మగారి గుండె. వీటిని విడదీసి చూస్తే మీ మనసు మీద ఉన్న బరువు కొంత తగ్గుతుంది. మీ అన్నయ్య గారు ఇక్కడికి వచ్చి చికిత్స చేయించుకోవాలనుకోవడంలో తప్పేమీ లేదు. నొప్పితో మెట్లు దిగలేని మనిషి ఏడాది ఆగలేకపోవడం సహజం. చిక్కంతా దానికి ఎవరు డబ్బు చెల్లించాలన్న దగ్గరే ఉంది.

ప్రజల సొమ్ముతో నడిచే ఏ ఆరోగ్య వ్యవస్థ అయినా ముందుగా అడిగేది ఈ మనిషి మనవాడేనా అని. ఆ ప్రశ్నకు సమాధానాన్ని ఒక్కో దేశం ఒక్కో విధంగా రాసుకుంది. ఇంగ్లండులోని ప్రభుత్వ ఆరోగ్య సేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్ ప్రధానంగా పన్నుల మీద నడుస్తుంది. అక్కడ ఆసుపత్రి వైద్యం ఉచితంగా పొందే హక్కు పాస్‌పోర్టును బట్టి రాదు, అక్కడ చట్టబద్ధంగా స్థిరనివాసం ఉండటాన్ని బట్టి వస్తుంది. బ్రిటిష్ పౌరుడే అయినా విశాఖలో కాపురం పెట్టినవాడు అక్కడికి వెళ్లి ఉచితంగా ఆపరేషన్ చేయించుకోలేడు. మన రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం ఇక్కడ నివసించే, ఆదాయ పరిమితికి లోబడిన కుటుంబాల కోసం పెట్టినది. 2023 డిసెంబరులో దాని పరిమితిని 25 లక్షల రూపాయలకు పెంచారు. మీ అన్నయ్య గారు అక్కడి వ్యవస్థకు పూర్తి హక్కుదారు, మీ అమ్మగారు ఇక్కడి పథకానికి పూర్తి హక్కుదారు. ఇద్దరిలో ఎవరికీ అన్యాయం జరగలేదు. అయితే విమానం ఎక్కిన మనిషితో పాటు ఈ హక్కు ప్రయాణం చేయదు. రెండు ఖజానాలు ముందే ఒప్పందం చేసుకుంటే తప్ప.

అలాంటి ఒప్పందాలు ఎలా ఉంటాయో చెబితే మీ అన్నయ్య గారికి వివరించడం మీకు సులువవుతుంది, ఎందుకంటే ఆయన ఉంటున్న దేశమే ఈ విషయంలో కోర్టు దాకా వెళ్లింది. బెడ్‌ఫర్డ్‌కు చెందిన ఇవోన్ వాట్స్ అనే మహిళ తుంటి కీలు మార్పిడి కోసం ఎన్‌హెచ్‌ఎస్ నిరీక్షణ జాబితాలో ఉండగా, 2003లో ఫ్రాన్స్ వెళ్లి సొంత డబ్బుతో ఆపరేషన్ చేయించుకుని, ఆ ఖర్చు తిరిగి ఇవ్వమని అడిగారు. ఐరోపా న్యాయస్థానం 2006 మేలో తీర్పు చెబుతూ, జాబితా ఉందన్న ఒక్క కారణంతో విదేశంలో చికిత్సకు అనుమతి నిరాకరించడం కుదరదనీ, ఆ రోగి నొప్పి, పరిస్థితి చూసి వైద్యపరంగా ఎంతకాలం ఆగగలరో లెక్కించాలనీ స్పష్టం చేసింది. ఆ తరువాత 2011లో ఐరోపా సమాఖ్య ఒక ఆదేశం తెచ్చింది: మరో సభ్యదేశంలో చికిత్స చేయించుకోవచ్చు, సొంత దేశం తిరిగి చెల్లిస్తుంది, కానీ స్వదేశంలో అయ్యే ఖర్చు మేరకే; ఆసుపత్రిలో చేరవలసిన చికిత్సకు ముందస్తు అనుమతి అడిగే అధికారం ఆ దేశానికి ఉంటుంది. ఈ రెండు షరతులూ ఊరికే పెట్టలేదు. అనుమతి లేకుండా ఎవరికి తోచిన చోట వారు చికిత్స చేయించుకుని బిల్లులు పంపితే, ఏ ఆసుపత్రిలో ఎన్ని పడకలు ఉంచాలో, ఏడాదికి ఎంత బడ్జెట్ కావాలో ఆ దేశం అంచనా వేసుకోలేదు. బ్రిటన్ ఐరోపా సమాఖ్య నుంచి బయటకు వచ్చాక, 2020 ముగిసేసరికి ఆ ఆదేశం వారికి వర్తించకుండా పోయింది. ముందుగా అనుమతి పత్రం తీసుకుని ఐరోపా దేశాలకు వెళ్లే పద్ధతి మిగిలింది. భారతదేశంతో బ్రిటన్‌కు అలాంటి వైద్య ఒప్పందమేదీ లేదు. కాబట్టి ఇక్కడ చేయించుకున్న ఆపరేషన్ బిల్లును ఆయన అక్కడ చూపించి డబ్బు రాబట్టుకోలేరు.

ఇంత దూరం వెళ్లకుండా మన విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లోనే ఇదంతా చూడవచ్చు. ఓపీ చీటీల వరుసలో కొరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చినవారు ఒడియాలోనో, గిరిజన భాష కువిలోనో మాట్లాడుకుంటూ కనిపిస్తారు. బస్తర్ వైపు నుంచి వచ్చేవారూ ఉంటారు. వారికి దగ్గరలో ఉన్న పెద్దాసుపత్రి అదే. ఆ వైద్యం ఖర్చు చాలా ఏళ్లుగా మన రాష్ట్ర బడ్జెట్టే మోసింది. 2018లో మొదలైన కేంద్ర పథకం ఆయుష్మాన్ భారత్ ఈ లెక్కను మార్చాలని చూసింది: కార్డున్న రోగి వేరే రాష్ట్రంలో పథకం కింద నమోదైన నెట్‌వర్క్ ఆసుపత్రిలో చేరితే సొంత రాష్ట్రం చెల్లించాలి. ఒడిశా చాలాకాలం ఆ పథకానికి బయటే ఉండి 2025లో చేరింది. రాయగడ రోగికి మన ఊరు ఆసరా అయినందుకు నాకు గర్వమే, ఎవరూ వారిని వెనక్కి పంపకూడదనే నేను కోరుకుంటాను. అయితే ఆ ఖర్చు ఎవరి ఖాతాలో పడుతుందో ముందే తేలితేనే ఆ తలుపు ఎప్పుడూ తెరిచి ఉంటుంది.

ఇక కార్డు సంగతి. మీ అన్నయ్య గారి పేరు అందులో ఉంది, వేలిముద్ర కూడా బహుశా సరిపోతుంది. అర్హత మాత్రం లేదు. ఆయన ఈ రాష్ట్రంలో నివసించడం లేదు, ఆయన ఆదాయం ఆ పరిమితికి లోపల ఉండే అవకాశం లేదు. పేరు తొలగించకపోవడం ఒక పొరపాటు, దాన్ని వాడుకోవడం మరొక పని. మొదటిది దిద్దుకోగలిగినది, రెండవది తెలిసి చేసినది అవుతుంది. ఆసుపత్రి కౌంటరు దగ్గర పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్రతో మాట్లాడేది మీరు, కాగితాల మీద సహాయకురాలిగా సంతకం పెట్టేది మీరు. తరువాత పరిశీలనలో బయటపడితే డబ్బు తిరిగి కట్టమనే నోటీసు వచ్చేసరికి ఆయన ఇంగ్లండులో ఉంటారు, తలుపు తీసి అది అందుకునేది మీరు.

అంతకంటే ముఖ్యమైన విషయం ఒకటి మీ ఉత్తరంలో లేదు, బహుశా మీకెవరూ చెప్పి ఉండరు. మన రాష్ట్రంలో కార్డులకు అర్హతను మనిషి మనిషికీ విడివిడిగా చూడరు, కుటుంబాన్ని ఒక యూనిట్‌గా మ్యాపింగ్ చేసి చూస్తారు. అందులో ఎవరి పేరున ఆదాయపు పన్ను ఉన్నా, పట్టణంలో పరిమితికి మించిన ఇల్లున్నా ఆ కుటుంబం మొత్తం అనర్హుల జాబితాలోకి వెళ్లే ప్రమాదం ఉంది. ఆయన తనకు హక్కు ఉందనడానికి చూపిస్తున్న ఆ ఫ్లాటే ఒక రోజు మీ అమ్మగారి కార్డుకు అడ్డం కావచ్చు. జీవీఎంసీకి కట్టే ఆస్తి పన్ను వీధి దీపాలకూ, కాలువలకూ పోతుంది, దానివల్ల వైద్య పథకంలో వాటా రాదు. అందుచేత మీ అన్నయ్య గారు ఏ నిర్ణయం తీసుకున్నా, విదేశంలో స్థిరపడినందున ఆయన పేరు తొలగించమని మీ వార్డు సచివాలయంలో దరఖాస్తు ఇవ్వడం మీ అమ్మగారికి రక్షణ. ఆమెకు ఆపరేషన్ అవసరం పడే ముందే ఇది పూర్తి కావాలి.

"ఒక్కరి వల్ల ప్రభుత్వానికి ఏం తగ్గిపోతుంది" అని ఆయన అడగవచ్చు. బకాయిలు పేరుకుపోయాయని మన రాష్ట్రంలో నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు నిలిపివేసిన సందర్భాలు ఈమధ్య సంవత్సరాల్లో మీరూ చూసే ఉంటారు. అలాంటి వారంలో మీ అమ్మగారు ఆసుపత్రి మెట్ల మీద ఉంటే ఏమవుతుందో ఆయననే ఊహించమనండి. ఆ నిధి అంత బిగువుగా నడుస్తోంది.

ఇప్పుడు ఆయన ముందున్న దారులు చూద్దాం. మొదటిది అక్కడే ఉంది, చాలామంది దాన్ని వాడుకోరు. ఎన్‌హెచ్‌ఎస్‌లో నూటికి 92 మందికి 18 వారాల్లోపు చికిత్స మొదలు కావాలన్నది నియమం. దాన్ని చాలా ఏళ్లుగా అందుకోలేకపోతున్నారు. 2023 సెప్టెంబరులో ఇంగ్లండు నిరీక్షణ జాబితా 77 లక్షలు దాటింది. అయితే 18 వారాలు దాటిన రోగి, వేరే చోట త్వరగా జరిగే వీలుంటే అక్కడికి మార్చమని అడగవచ్చు. ఎన్‌హెచ్‌ఎస్‌తో ఒప్పందం ఉన్న ప్రైవేటు ఆసుపత్రులు కూడా అందులోకి వస్తాయి, రోగి చేతి నుంచి పైసా పడదు. తమ ఊరికి రెండు గంటల దూరంలో నాలుగు నెలల్లో వంతు వచ్చే ఆసుపత్రి ఉందేమో ఆయన తన జీపీని (అక్కడి కుటుంబ వైద్యుణ్ని) అడిగారా? అడగకపోతే ముందు అది అడగమనండి. ఇందులో నష్టం ఇంకొంతకాలం నొప్పి భరించడం. లాభం ఏమిటంటే ఆపరేషన్, ఆ తరువాతి ఫిజియోథెరపీ, ఏదైనా తేడా వస్తే మళ్లీ చూడటం, అన్నీ ఒకే వ్యవస్థ చేతిలో ఉంటాయి.

రెండవది విశాఖ వచ్చి సొంత ఖర్చుతో చేయించుకోవడం. ఆరిలోవ హెల్త్ సిటీలోనూ, నగరంలోని ఇతర ఆసుపత్రుల్లోనూ మోకాలి మార్పిడి రోజూ జరిగే శస్త్రచికిత్సే, అక్కడి ప్రైవేటు ఆసుపత్రి బిల్లుతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్లకు గరిష్ఠ ధరలు నిర్ణయించింది, వాటి ధరను బిల్లులో విడిగా చూపించాలి. ఆయన ఏ దేశపు పౌరుడైనా ఆ రక్షణ వర్తిస్తుంది. ఆసుపత్రి ఇచ్చే అంచనాను కాగితం మీద రాయించుకోండి, గది అద్దె, ఫిజియోథెరపీ, అదనంగా ఉండవలసిన రోజులు అందులో ఉన్నాయో లేవో చూడండి.

ఇందులో డబ్బుకు మించిన చిక్కులు ఉన్నాయి. ఈ ఆపరేషన్ తరువాత కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం వారాల తరబడి ఉంటుంది, కాబట్టి సుదీర్ఘ విమాన ప్రయాణం ఎప్పుడు చేయవచ్చో సర్జన్ చెప్పిన తరువాతే తిరుగు టికెట్టు తీసుకోవాలి. కొత్త కీలులో ఇన్‌ఫెక్షన్ చాలా అరుదే, వస్తే మాత్రం మొదటి ఆపరేషన్ కంటే రెండవది ఎన్నో రెట్లు కష్టం. అది ఆయన ఇంగ్లండు చేరాక బయటపడితే ఎన్‌హెచ్‌ఎస్ చూస్తుంది, ఎందుకంటే ఆయన అక్కడి నివాసి. ఇక్కడ చేయించుకోవడం వల్ల అక్కడి జాబితాలో ఒక వంతు ఖాళీ అయి ఆ వ్యవస్థకు ఖర్చు మిగులుతుంది. తేడా వస్తే సరిదిద్దే ఖర్చు తిరిగి దాని మీదే పడుతుంది. విదేశీ చికిత్సల విషయంలో ప్రభుత్వ వ్యవస్థలను ఎక్కువగా కలవరపెట్టేది ఈ రెండవ ఖర్చే. అది ముందుగా లెక్కకు రాదు. అందువల్ల బయలుదేరే ముందే ఆయన తన జీపీకి చెప్పి రావడం మంచిది. తిరిగి వెళ్లేటప్పుడు డిశ్చార్జి సమ్మరీతో పాటు ఆపరేషన్ నోట్, ఎక్స్‌రేల సీడీ, ఇంప్లాంట్ డబ్బా మీద ఉండే స్టిక్కర్లు తప్పకుండా వెంట ఉండాలి. ఆ చిన్న స్టిక్కరు మీదే కంపెనీ, సైజు, లాట్ నంబరు ఉంటాయి. ఇంగ్లండు, వేల్స్‌లలో 2003 నుంచి కీళ్ల మార్పిడులన్నిటినీ ఒక జాతీయ రిజిస్టరులో నమోదు చేస్తున్నారు, ఇక్కడ పెట్టిన కీలు అందులో ఉండదు కనుక పదేళ్ల తరువాత అక్కడి సర్జన్‌కు ఆ స్టిక్కరు తప్ప వేరే ఆధారం ఉండదు. గత 12 నెలల్లో విదేశీ ఆసుపత్రిలో చేరినవారికి అక్కడి ఆసుపత్రులు మందులకు లొంగని బ్యాక్టీరియా పరీక్ష చేస్తాయి, దానికి ఆయన నొచ్చుకోనక్కరలేదు.

మీ అమ్మగారి విషయంలో నా అభిప్రాయం దాచను. వదినగారి సలహా మంచి మనసుతో ఇచ్చినదే కావచ్చు, కానీ అది మీ అమ్మగారికి ప్రమాదకరం. విజిటర్ వీసా మీద వెళ్లినవారు ఆరోగ్య సర్‌చార్జి కట్టరు, కనుక ఎన్‌హెచ్‌ఎస్‌లో ఉచిత ఆసుపత్రి వైద్యానికి అర్హులు కారు. దీర్ఘకాలిక వీసాదారులు కట్టే ఆ సర్‌చార్జి 2024 ఫిబ్రవరి నుంచి పెద్దలకు ఏడాదికి 1,035 పౌండ్లు. సందర్శకులకు అత్యవసర విభాగంలో చూడటం వరకు ఉచితం. వార్డులో చేర్చుకున్న క్షణం నుంచి మామూలు ధరకు ఒకటిన్నర రెట్లు బిల్లు వేస్తారు. అత్యవసరం కాని ఆపరేషన్ అయితే ముందే డబ్బు కట్టమంటారు, 2017 నుంచి అదే నియమం. ప్రాణాపాయంలో చికిత్స ఆపరు, బిల్లు మాత్రం వస్తుంది. 500 పౌండ్లు అంతకు మించిన బాకీ రెండు నెలలు దాటి ఉండిపోతే తరువాతి వీసా నిరాకరించవచ్చు. చికిత్స కోసమే వెళుతూ మనవలను చూడటానికని వీసా దరఖాస్తులో రాస్తే అది మోసం కింద లెక్క, పదేళ్ల నిషేధం దాకా పోవచ్చు. ముందే ఉన్న గుండె జబ్బును ప్రయాణ బీమాలు సాధారణంగా భరించవు. డబ్బు పూర్తిగా కట్టి ప్రైవేటు చికిత్సకు వెళ్లే సక్రమమైన దారి ఉంది, కానీ ఇంటి దగ్గరే ఆమెకు హక్కుగా ఉన్నదాన్ని వదులుకుని అంత ఖర్చుకు పోవడానికి నాకు కారణం కనిపించడం లేదు.

ఎందుకంటే మీ అమ్మగారికి ఇక్కడ రెండు ఆధారాలున్నాయి. రాష్ట్ర పథకంలో గుండె శస్త్రచికిత్సలు మొదటి నుంచీ ఉన్నాయి. 2024 అక్టోబరు నుంచి డెబ్బై ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు రక్షణ ఉంది. దానికి వయస్సు నిర్ధారించే ఆధార్ చాలు. ఎకో (గుండె స్కానింగు) రిపోర్టు పట్టుకుని కేజీహెచ్‌కో, నెట్‌వర్క్‌లో ఉన్న గుండె ఆసుపత్రికో వెళ్లి ముందు ఆరోగ్యమిత్రను కలవండి. అనుమతి వచ్చేదాకా ఏ అడ్వాన్సూ కట్టకండి. ఎవరైనా అడిగితే ఆరోగ్య సహాయ నంబరు 104కు ఫోను చేయండి.

అన్నయ్య గారితో మాట్లాడేటప్పుడు చట్టం, నోటీసులు మొదట ఎత్తకండి. ఆయన పంపిన డబ్బుకు విలువ లేదన్నట్టు ఆయనకు వినిపిస్తుంది. ఆయన ఇల్లు నిలబెట్టారు, నాన్నగారి వైద్యం చూశారు. దానికి మీరు ఇవ్వగలిగిన బదులు మీ చేతుల్లో ఉంది, మీ ఇంట్లో ఉంది, ప్రభుత్వ కార్డులో లేదు. "అన్నయ్యా, నువ్వు రా, మా ఇంట్లోనే ఉండు, దగ్గరుండి చూసుకుంటాను. ఆసుపత్రి బిల్లు మాత్రం నువ్వు కట్టుకో, అమ్మ కార్డు అమ్మకే ఉండనివ్వు" అనండి. ఆయన ఒప్పుకోకపోతే, ఆసుపత్రికి మీరు రారనీ, సంతకం పెట్టరనీ మెల్లగానే అయినా స్పష్టంగా చెప్పండి. కొన్నాళ్లు ఫోన్లు తగ్గవచ్చు. కార్డు వాడాక ఏదైనా జరిగితే తెగిపోయే బంధంతో పోలిస్తే అది భరించగలిగినదే.

ఒప్పుకుని వస్తే మరొక మాట ముందే తేల్చుకోవాలి. మోకాలి మార్పిడి అయిన మనిషికి మొదటి వారాల్లో స్నానానికీ, మెట్లకూ, వ్యాయామానికీ మరొకరి చేయి కావాలి. కవాటం ఆపరేషన్ అయిన అమ్మగారికీ అంతే. రెండూ ఒకే నెలలో పడితే రెండు మంచాల మధ్య తిరిగేది మీరొక్కరే, మీ భర్తకు షెడ్డులో సెలవు దొరకదు. అమ్మగారి తేదీ ముందు ఖరారు కానివ్వండి, ఆమె కోలుకున్న తరువాతే ఆయన తేదీ పెట్టుకోమనండి. వదినగారు వెంట వస్తారా, ఇంటికి వచ్చే ఫిజియోథెరపిస్టుకూ, పగలు ఉండే ఆయాకూ ఆయన చెల్లిస్తారా అని ఇప్పుడే, టికెట్లు కొనకముందే అడగండి.